వినాయకుడి బల్బు

1999 జూలై, మంగళవారం

మాదాపూర్ రోడ్డులో రాళ్ల లారీ వెనకాల ఉండగా కారు హారన్ మూగబోయింది. పక్కకు ఆపి ఫ్యూజు తీసి చూస్తే లోపలి తీగ తెగి ఉంది. నా దగ్గరున్న రెండు కొత్త ఫ్యూజుల్లో ఒకటి పెట్టాను. ఒక్కసారి మోగి అదీ మాడిపోయింది.

పంక్చర్ షాపతను వచ్చాడు. "రాగి తీగ చుట్టేస్త మేడమ్, ఇగ ఫికర్ ఉండదు."

వద్దన్నాను. తీగ చుడితే ఫ్యూజు బదులు కారు కాలుతుంది. అసలు ఎందుకు పోతోందో వెతికాను. డాష్‌బోర్డు మీది వినాయకుడికి అత్తయ్య పెట్టించిన ఎర్ర బల్బు! దాని వైరును హారన్ వైరుకే కలిపేశారు. పైన ప్లాస్టిక్ ఊడి ఇనుముకు తగులుతోంది. దాన్ని పీకేసి ఆఖరి ఫ్యూజు పెట్టాను. హారన్ మోగింది.

"ఎవరు నేర్పిండ్రు మేడమ్?" అన్నాడతను. ఎవరూ నేర్పలేదు. ఆ మాట అతనితో రెండుసార్లు చెప్పాను.

సాయంత్రం అత్తయ్యను గుడి నుంచి తీసుకొస్తూ అవసరం లేకపోయినా హారన్ కొట్టాను. బల్బు సంగతి తప్ప అంతా చెప్పాను. అది వెలగడం లేదని రేపో మాపో చూస్తారు, అప్పుడేం చెప్పాలో...

"అంతా స్వామి దయమ్మా," అని ఆవిడ వినాయకుడికి దణ్ణం పెట్టుకున్నారు.

"అవునండి అత్తయ్యా," అన్నాను. పీకేసిన వైరు నా హ్యాండ్‌బ్యాగులోనే ఉంది.