పాట చిక్కం

పెనుకొండ,
1938, జ్యేష్ఠం.

చిరంజీవి గంగాధరప్పకు,

నువ్వు ఆడవాళ్ళ నోటికి చిక్కం కట్టినావు. అయినా అన్నను కాబట్టి, దీర్ఘాయుష్మంతుడవు కమ్మని దీవిస్తాండా. ఈడ నాయన, నేను, ఎద్దులు క్షేమం. మడకశిరలో నీ మరదలి పెండ్లి బాగా జరిగిందని తలుస్తాను.

"వాన పడినా విత్తనం శెనక్కాయ ఎందుకు ఒలవలేదు? కూలోళ్ళకు ఏం నూరిపోసినావన్నా?" అని రాసినావు. నేను నూరిపోసేదేముంది, నీ చట్టమే చాలు! ఒలిచేంతసేపూ పాడుతుండాల, పాట ఆగిన నోట్లో గింజ ఉన్నట్టేనని కదా నీ ఆజ్ఞ? కళ్ళంలో ఎద్దు మూతికి చిక్కం కడతాం. దాన్నైనా పాడమనం కదప్పా!

గింజలు తగ్గినాయని, దగ్గొచ్చి పాట ఆపిన నల్లమ్మవ్వను వెళ్ళగొట్టి నువ్వు బండెక్కినావు. ఆ అవ్వకు పళ్ళే లేవు కదరా! ఒలుపు కూలి లేక ఆమె పొయ్యి మీద సంగటి కుండ ఎక్కలేదు. అవ్వ వస్తేనే వస్తామని తక్కినోళ్ళంతా ఇండ్లకాడ కూర్చున్నారు.

పిలవబోతే ఆ కూలోళ్ళలో ముత్యాలమ్మ నన్ను గడపలోనే నిలబెట్టింది. "ఏమప్పా ఈశ్వరప్పా, ఒలిచేదానికి పిలుస్తాండావా, కచేరీకా? కచేరీకైతే మద్దెల ఏదీ?" అనింది. శ్రమ గౌరవాన్ని గురించి ఉపన్యాసం ఎత్తుకున్నాను. ఆడ చేరిన ఆడోళ్ళంతా పాట ఎత్తుకున్నారు. నేను ఆపినాకే వాళ్ళు ఆపినారు.

ఇంక దాచలేను. గింజలు తిన్నది మన నాయన. ఒలిచే కొట్టంలో మంచం మీద పండుకొని, చెయ్యి కిందికి దించి, చాటలో గింజలు తీసుకొని దుప్పట్లో నమిలినాడు. నిన్న దుప్పటి దులిపితే ఎర్రపొట్టు రాలింది. నీకు చెప్పొద్దని నాతో ఒట్టు వేయించుకున్నాడు. ఆ ఒట్టు తీసి గట్టున పెడతాండా.

"అవ్వ మీద నింద పడతాంటే నోరు మెదపకపోతివే నాయనా?" అంటే ఏమన్నాడో తెలుసా?

"నన్నెవరు పాడమన్నార్రా?"

చూసినావా నీ చట్టం! కూలోళ్ళకు పాట, ఆసామికి గింజ!

నేల పదును ఆరిపోకముందే ఇవి జరగాల:

నువ్వే నల్లమ్మవ్వ ఇంటికి పోయి, తప్పయిందని చెప్పి పిలవాల.

ఆమెకు పోయిన కూలి ఇయ్యాల.

ఒలిచేవాళ్ళు పాడేదీ మానేదీ వాళ్ళిష్టం.

పొద్దుకు పిడికెడు గింజలు అందరికీ పెట్టాల. అవ్వకు మాత్రం దంచి పెట్టాల.

కొట్టంలో ఉన్నంతసేపూ నాయన పాడాల.

ఇట్లు,
ఒట్టు తప్పిన నీ అన్న,
ఈశ్వరప్ప