పండుకాయ రంగు

జులై 3

ముబారక్ ఫోన్ చేశాడు. గురజాలలో సెలూన్ ఆయనది. తన చేతికి సరిపడా ఒక రేజర్ చేసిపెట్టమని నిరుడు నా కొడుకు ప్రవీణ్‌కి ఆర్డర్ ఇచ్చాడు. వాడు పోయి ఏడాది కావస్తున్నా ఒక్కసారీ ఆ రేజర్ సంగతి ఎత్తలేదు. ఈ రోజూ ఎత్తలేదు. ఒంట్లో ఎట్టుందక్కా అని మాత్రం అడిగాడు.

ఫోన్ పెట్టేశాక మా ఆయనే అన్నాడు. పిల్లోడు మాటిచ్చాడే, సంవత్సరికం లోపల ఇచ్చేద్దాం అని. వాడు పనిచేసిన షెడ్డు తాళం తీశాడు.

జులై 5

రేజర్ సానరాయి పక్కనే ఉంది. తుప్పు పట్టింది. గేదె కొమ్ముతో చేసిన పిడి విడిగా ఉంది, బిగించలేదు.

ఏ రేజర్ చేసినా పదును చూడటానికి నా దగ్గరికే వచ్చేవాడు. అమ్మా, ఒక్క వెంట్రుక అని. నా జడలోంచి ఒకటి లాగి, వేలాడదీసి, అంచు ఆనించేవాడు. తెగితే పాస్.

ఆ రోజు కూడా వచ్చాడు. పొయ్యి మీద పాలు పొంగడానికొచ్చాయి. నెత్తంతా పీకి బోడిగుండు చేస్తావా, పోరా అవతలికి అన్నాను. బండి తీశాడు. పిడుగురాళ్ల రోడ్డు. లారీ.

పాలు మాత్రం పొంగనివ్వలేదు నేను.

జులై 9

రేజర్ పాడైంది. తుప్పు తీస్తానని ఈయన గ్రైండర్ మీద పెట్టాడు. కొడవళ్లు, పలుగులు చేసిన చెయ్యి. గట్టిగా ఆనించాడు. అంచు నీలంగా మారింది. వేడికి ఉక్కులో చేవ చచ్చిందంట, ఇక పదును నిలవదంట.

నోటికొచ్చినట్టు తిట్టాను. వాడున్నప్పుడు ఆటబొమ్మలు చేస్తున్నాడని ఎగతాళి చేశావు, ఇప్పుడు ఇదీ మిగలనియ్యలేదు అన్నాను. గ్రైండర్ ఖాళీగా తిరుగుతూనే ఉంది.

జులై 10

వంట చెయ్యలేదు.

జులై 16, మధ్యాహ్నం

కూతురు భవ్య వచ్చింది. ఫోన్‌లో వాళ్ల అన్న వీడియోలు తీసి నాన్నకు చూపించింది. పాత ఉక్కు ఆకురాయిని కాల్చి, సాగగొట్టి రేజర్ చెయ్యడం మొత్తం ఉంది. హాయ్ ఫ్రెండ్స్ అంటాడు. నేను పక్కగదిలోంచి విన్నాను.

కాలిన ఉక్కును నూనెలో ముంచేచోట ఇట్లా అన్నాడు. కలర్ చూస్కోండి ఫ్రెండ్స్. ఎండుమిరపకాయ కలరైతే ఇంకా కాలాల. నారింజ కలరైతే పోయినట్టే. పండుమిరపకాయ కలర్ రావాల. డౌటుంటే మా అమ్మనడగండి.

ఈయన ఆ ముక్కే నాలుగుసార్లు పెట్టించుకున్నాడు. తర్వాత గుమ్మం దగ్గరకొచ్చి, నా కళ్లకు శుక్లాలు, రంగులు తెలవట్లేదే, నువ్వు చెప్పు అన్నాడు.

ముప్ఫై ఏళ్లు మిరప కోతలకు పోయాను.

జులై 24

కొలిమి వెలిగించాం. పాడైనదాని బదులు ఈయన సాగగొట్టిన ఇంకో ఆకురాయి వారంలో రేజర్ రూపుకొచ్చింది. నేను బ్లోయర్ దగ్గర. ఎండుకాయ అన్నాను. ఇంకా ఎండుకాయే. ఆగు, ఆగు. పండుకాయ! నూనె భగ్గుమంది. ఆయన పట్టకారు వదల్లేదు.

పక్కింటి వీరరాఘవమ్మ పిన్ని గోడ మీంచి తొంగిచూసింది. ఏమే అంజమ్మా, మొగుడికి పచ్చడి నూరతన్నావా, కాయ కాయ అని ఊరంతా వినపడేట్టు అరస్తన్నావు అంది. ఈయన నవ్వాడు. నాకూ వచ్చింది. వెంటనే సిగ్గేసింది.

జులై 25

వీడియోలో వాడు చెప్పినట్టే, ఉక్కు పెళుసు పోవాలని సన్నటి సెగ మీద మళ్లీ కాచాం. ఎండుగడ్డి రంగు రాగానే ఆపమన్నాను.

ఆగస్టు 4

పది రోజులుగా సాన పడుతున్నాడు. పిడి బిగించాడు. పదును తన ముంజేతి వెంట్రుకల మీద చూసుకుంటున్నాడు. అక్కడంతా నున్నగా అయింది. నన్ను అడగడు.

ఆగస్టు 5, సాయంత్రం

రేపు ముబారక్ వస్తున్నాడు.

చెప్పేశాను. ఆ రోజు వాడు వెంట్రుక అడిగితే తరిమేశానని, చివరిమాట అదేనని. ఆయన సాన ఆపలేదు. తెలుసులే, అరుగు మీదే ఉన్నాగా, విన్నాను అన్నాడు. రేజర్ రెండో వైపు తిప్పి, నవ్వుకుంటా పోయాడే వాడు, నువ్వు పొయ్యి వైపు తిరిగున్నావు, నేను చూశా అన్నాడు.

ఏడాది నుంచి ఎందుకు చెప్పలేదని అడగలేదు. నేనూ చెప్పలేదుగా.

ఆగస్టు 6

జడ విప్పి ఆయన ముందు కూర్చున్నాను. పీకడానికి చెయ్యి రాలేదు ఆయనకు. నేనే పీకిచ్చాను. తెల్లది.

తెగింది.

కింద పడిన ముక్క కోసం ముబారక్ వచ్చేదాకా ఇద్దరం వెతుకుతూనే ఉన్నాం.