కిక్కు లేని ఇంజిను

నాయనా బాస్సూ,

నీ పెద్దమ్మ చెబుతుంటే మసీదు పంతులుగారు రాస్తున్నారు. ఒక్క తిట్టు కూడా మెత్తబరచవద్దన్నాను. ఫోను ఎత్తవు కనుక ఉత్తరం.

మా అబ్బాయి హద్దూ మోటారుసైకిలు నీ దుకాణానికి తెచ్చింది చెయిను కోసం. నువ్వేమో నాకు ఫోను చేసి "పెద్దమ్మా, ఈ ఇంజిను ముసలి గాడిదలా దగ్గుతోంది, కొత్త మోడల్ది వేస్తా" అన్నావు. "నేనూ దగ్గుతున్నాను, నన్నూ మారుస్తావా?" అన్నాను. నవ్వుతూనే మార్చేశావు.

కొత్తదానికి కిక్కు లేదు. కొండ చలికి బ్యాటరీ చచ్చింది. వాలులో తోసినా పలకలేదు. పెట్రోలు పంపడానికి కూడా దానికి కరెంటే కావాలట! పాతది ఒక్క తన్నుకు లేచేది.

నీ పెదనాన్నకు పట్నంలో రక్తం శుద్ధి చేయించే రోజు దాటిపోయింది. కాళ్లు ఉబ్బిపోయాయి. వరదకు దారి కోసుకుపోయి జీపు రావడం లేదు, రెండు చక్రాలకే చోటుంది. హద్దూ ఈ ఉత్తరంతో నడిచి వస్తున్నాడు. వెంటనే బ్యాటరీ ఇచ్చి పంపు. వాడు తిరిగి కొండెక్కేసరికి ఏమవుతుందో నాకు తెలియదు.

పాత ఇంజినును నువ్వు మా పొరుగు లహ్సెన్‌కే అమ్మావట. నీళ్ల పంపుకు బిగించుకున్నాడు. తిరిగి ఇమ్మని అడిగితే, "అవ్వా, నా గొర్రెలకు నీళ్లు నువ్వు తోడతావా?" అన్నాడు. అదీ నిజమే.

రోజూ పొద్దున అతను దాన్ని తన్నగానే నీ పెదనాన్న చప్పుడు గుర్తుపట్టి, ఉన్ని అంగీ తొడుక్కుని, "బండి వచ్చింది, పద" అంటూ గడపలో కూర్చుంటున్నాడు. ఊరంతటినీ తిట్టే ఈ నోరు, అది మన బండి కాదని ఆయనతో అనలేకపోతున్నది.