పదిహేడో నంబరు రాయి

మల్కాజ్‌గిరి,
14-8-1997

చిరంజీవి నోవహుకు,

ప్రభువు కాపుదలలో నువ్వు కులాసాగా ఉన్నావని తలుస్తూ అమ్మ రాసేది. ఇక్కడ నేనూ, నా మోకాళ్ళూ క్షేమం. మోకాళ్ళ సంగతి అబద్ధమే అనుకో. పక్కింటి రోసమ్మ రోజూ వచ్చి నీ పెళ్ళి ఎప్పుడని నా ప్రాణం తీస్తోంది. వాడు నెల్లూరు జిల్లా క్యాంపులో రాళ్ళతో కాపురం పెట్టాడని చెప్పి పంపించేశాను.

పచ్చడి బూజు పట్టిందని రాశావు. తడి గరిటె పెట్టి ఉంటావు, ఇంకేముంది. పారబోసెయ్, వేరే సీసా పంపిస్తాను. వానలకి ఇల్లు కారుతోందా అని అడిగావు. వంటింట్లో మాత్రమే కారుతోంది, గిన్నె పెట్టాను.

ఇక మూడో సంగతి. దానికి జవాబు రాయడానికి నాలుగు రోజులుగా కాగితం ముందేసుకుని కూర్చుంటున్నాను.

పాత ఫైల్లో మీ నాన్న నోటు దొరికిందన్నావు. ఆ కొండలో సీసం, జింకు ముందు నుంచీ ఉన్నాయనీ, రాయితో పాటే కాగి మడతలు పడ్డాయనీ ఆయన రాశారు. కానీ ఆ ఫైలుతో పాటు ఉన్న పదిహేడో నంబరు రాతి ముక్కలో ఖనిజం ఆ పొరలను అడ్డంగా కోసుకుని, వెనకెప్పుడో వచ్చినట్టు నీకు కనిపిస్తోందన్నావు. నాన్న తప్పు చూశాడని రిపోర్టులో రాసేశాననీ, నెలాఖరుకి పంపితే డ్రిల్లు ఎక్కడ దించాలో దాన్నిబట్టే తేలుస్తారనీ రాశావు. పంపకు నాయనా. ఈ ఉత్తరం చివరిదాకా చదివి అప్పుడు పంపు.

అరవై ఎనిమిదిలో నేను పనిచేసే రాళ్ళ పరీక్షల ల్యాబు చిలకలగూడలో ఒక అద్దె బంగళాలో ఉండేది. బ్రహ్మచారి అని ఒకతను రంపం మీద రాళ్ళు కోసిచ్చేవాడు. నేను గాజు పలక మీద పొడి వేసి, ముఖం కనిపించేదాకా వాటిని అరగదీసేదాన్ని. సాయంత్రానికి వేళ్ళ చివర్లు మొద్దుబారేవి. అయినా ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ హాయిగా ఉంటుంది. మీ నాన్న దుమ్ము బూట్లతో వచ్చి, తన రాళ్ళ కోసం వచ్చినట్టు నటించేవారు. రాళ్ళు తయారయ్యాక కూడా వచ్చేవారు.

మైక్రోస్కోపులో ఆ ముక్కలు నాకు చూపించి పాఠం చెప్పేవారు. వేడి ఊటలు సముద్రం అడుగు బురదలోకి ఈ లోహాలను తెచ్చి పోశాయట. బురద భూమిలోకి దిగబడి, కోట్ల ఏళ్ళు కాగి, నలిగి, అభ్రకం మెరిసే రాయి అయిందట. సీసపు ఖనిజం మెత్తన కదా, రెండు పక్కలా నొక్కుడికి జారి మడత మలుపులో పోగుపడుతుంది, వెతకాల్సింది అక్కడే అనేవారు. గట్టి రేణువులు మాత్రం చితికిపోతాయి, ఆ బీటల్లోకి సీసం దూరుతుంది. ఆ తర్వాత వేడికి రేణువులన్నీ కొత్తగా అల్లుకుని, మూడేసి ఒక మూలలో కలిసేలా సర్దుకుని కూర్చుంటాయి. కాచిన నెయ్యి చల్లారి పూస కట్టినట్టా అని అడిగాను. మీ నాన్న ఎంత నవ్వారో! నెయ్యి కరుగుతుంది, ఇది కరక్కుండానే పూస కడుతుంది, అదే దీని వింత అన్నారు.

మా పెద్ద ఆఫీసరు ఒప్పుకోలేదు. మీటింగు పెట్టి, పై ఊళ్ళ వాళ్ళని పిలిచారు. ఆ రోజు నెగ్గితే మీ నాన్నకి ధన్‌బాద్‌లో నాలుగేళ్ళ పరిశోధన సీటు. పదిహేడో నంబరు ముక్కని తెర మీద వేస్తే ఖనిజం ఆయన చెప్పినదానికి విరుద్ధంగా పొరలను అడ్డంగా కోసుకుని కనిపించేసరికి అందరూ నవ్వారు. ఆయన కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని బయటికి వచ్చేశారు.

నాలుగో రోజు బ్రహ్మచారి నా దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు: "అమ్మా, పదిహేడు నంబరు నేను అడ్డం కోసిన. గీ ముక్కకు నిలువు కోత ఉన్నది. నంబర్లు తారుమారైనయ్, జెర చూడున్రి."

చూశాను. నిజమే. వేరే కొండ రాయి మీద పదిహేడు అని వేసింది నేనే. ఆ రోజు నా చేయి రాళ్ళ మీద ఉంది, చూపు గుమ్మం మీద ఉంది.

అది పొరపాటు నోవహూ, దానికి నేను ఏడవను. సీటు గడువు ఇంకా మూడు రోజులు ఉంది. పరుగెత్తి చెబితే సరిపోయేది. చెబితే ఆయన ధన్‌బాద్ వెళ్ళిపోతారు, నేను ఇంట్లోవాళ్ళు చూసిన నర్సాపురం సంబంధానికి తల వంచాలి. "ఊరుకో బ్రహ్మచారీ, ఎవరితోనూ అనకు" అన్నాను. మూడు రోజులూ గడిచిపోయాయి. ఆయన ఆ ఉద్యోగం మానేసి బొల్లారంలో సైన్సు టీచరుగా చేరారు. జూన్‌లో మా పెళ్ళయింది.

ఇరవై అయిదేళ్ళు సుఖంగానే కాపురం చేశాం. కానీ నడకకి వెళ్ళినప్పుడల్లా ఏదో రాయి ఏరి తిప్పి చూసి, "నేనే సరిగ్గా చూడలేదేమో కృపా" అనేవారు. ఆస్పత్రి మంచం మీద కూడా ఒకసారి అన్నారు. పక్కనే కూర్చుని దుప్పటి సర్దాను. నాలుగేళ్ళయింది ఆయన పోయి. నిజం తెలిస్తే ఆయన నన్ను క్షమించేవారనే నా నమ్మకం. అందుకే ఇంకా సిగ్గుగా ఉంది.

అసలు పదిహేడో నంబరు ముక్కని పారేయలేక ఇన్నేళ్ళూ దాచాను. దూదిలో చుట్టి ఈ రిజిస్టరు పోస్టులో పెట్టాను. నా మాట మీద పోకు, నువ్వే మైక్రోస్కోపు కింద పెట్టి చూసుకో. చూశాక నా మీద కోపం వస్తే రానీ, దాచుకోకుండా రాయి.

రిపోర్టులో తప్పు అన్న మాట కొట్టేయకు. దాని పక్కన మీ నాన్న జీవరాజు పేరు తీసేసి, నా పేరు రాయి.

ఇట్లు,
మీ అమ్మ,
దేవకృప