రెండు రైట్‌లు

ఏవండీ,

మీరు వెళ్లిపోయి ఇవాళ్టికి ఏడాది. పొద్దున, మీరు కొన్న డిజిటల్ నాణేలున్న క్రిప్టో వాలెట్ తెరుచుకుంది.

దాన్ని తెరవడానికి వరుసగా కొట్టాల్సిన పన్నెండు ఇంగ్లీషు మాటల్ని, అమెరికా దొంగలకి అర్థం కాకూడదని మీరు తెలుగు అక్షరాల్లో రాసిపెట్టారు. చివరి మాట ‘రైట్’. మొదట్లో, నేనేం చెప్పినా మీరనే మాటే కదా అని, ‘సరే’ అనే అర్థం వచ్చే రైట్ కొట్టాను. తెరుచుకోలేదు. ఎవరికీ చూపించొద్దన్నారని పిల్లల్ని కూడా అడగలేదు.

“నాణెం ధర రోజుకి ఒక్కసారే చూడాలి, చూడగానే అమ్మకూడదు. పాఠం మాత్రం ఒక్క రోజు కూడా మిస్ చేయకూడదు” అనేవారు. “రిటైరయ్యాక ఈ చదువేంటండీ” అని విసుక్కున్నదాన్నే, మన అల్ఫారెట్టా ఊళ్లో లైబ్రరీ వాళ్ల క్రిప్టో క్లాసులో చేరాను. మీలాగే కాఫీ తాగుతూ రోజుకో పాఠం చదివాను. ఇవాళ్టి పాఠంలో, వాలెట్లకి వాడే మాటల పట్టిక మొత్తం ఇచ్చారు. అందులో రైట్‌లు రెండున్నాయి. రెండోది, రాయడం అనే రైట్.

అదే కొట్టాను. ధర ఒక్కసారి చూశాను. అమ్మేద్దామనిపించింది గానీ, మీ నియమం గుర్తొచ్చి మూసేశాను.

తర్వాత అలవాటుగా, “తెరుచుకుందండీ” అని వంటింట్లోంచి కేకేశాను.

రైట్ అనడానికి మీరు లేరు. అందుకే రాస్తున్నాను.