కొత్త జింబోకి ఎవరు బోణీ చేశారు

భీమవరం,
బుధవారం ఉదయం.

అమ్మకు,

ఆశాజ్యోతి వందనాలు. దేవుని దయవల్ల ఇక్కడ అందరం తిని తిరుగుతున్నాం. హైదరాబాదు నీళ్లు నీకు పడ్డాయనీ, నీ దగ్గర లేసు అల్లిక నేర్చుకునే ఆడపిల్లలు నిన్ను మరీ విసిగించడం లేదనీ అనుకుంటున్నాను. ఫోనులో నీకు సగం వినపడదు, వినపడిన సగానికి కంగారు పడతావు. అందుకే ఈ కాగితం. కొట్లో కౌంటర్ మీద పెట్టుకుని రాస్తున్నాను, బేరం వస్తే ఆగుతాను. అక్షరాలు వంకరగా ఉంటే ఏమీ అనుకోకు, పొద్దున్నుంచి మనసు ఒకచోట నిలవడం లేదు.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు. నా దగ్గు తగ్గింది. నువ్వు అల్లి పంపిన లేసు సంచులు రెండూ అందాయి. ఒకటి నేను తీసుకుని, రెండోది సారిక వదినకు ఇచ్చాను. మీ అల్లుడు ఐసు ఫ్యాక్టరీ పనితో ఇంటిపట్టున ఉండటం లేదు. పిల్లలు బాగా తింటున్నారు, బాగా కొట్టుకుంటున్నారు. కొత్త జింబోకి అన్నయ్యే బోణీ చేశాడా అని అడిగావు. దాని జవాబు కింద రాస్తాను.

జింబో, కైట్రాన్ గొడవ ఎన్నిసార్లు చెప్పినా, "రెండూ చేత్తో పట్టుకుని ఆడుకునే గేము పెట్టెలేగా" అంటావు. నిజమే. కానీ ఊళ్లో ఇంజనీరింగ్ పిల్లలు ఆ పెట్టెల కోసం రెండు పార్టీలయ్యారు. రొయ్యల చెరువుల దగ్గర కాపలా ఉండేవాళ్లు కూడా కొంటున్నారు. జింబోలో బొమ్మ బాగుంటుంది, కైట్రాన్‌లో చార్జింగ్ ఎక్కువసేపు నిలుస్తుంది. నేను జింబో అమ్ముతాను, ఎదురు కొట్లో అన్నయ్య కైట్రాన్ అమ్ముతాడు. మధ్యలో రోడ్డు. నాన్న రేడియో కొట్లో ఒకే బల్ల మీద పని నేర్చుకున్నవాళ్లం, ఇప్పుడు ఒకరి గుమ్మం దగ్గర చెప్పులు ఒకరం లెక్కపెట్టుకుంటున్నాం. అన్నయ్య బ్యానర్ కడితే నేను అంతకంటే పెద్దది కట్టాను. జింబో కంపెనీ మనిషి వచ్చిన ప్రతిసారీ ఎదుటివాళ్లు ఎన్ని అమ్మారని అడుగుతాడు గాని, నేను ఎన్ని అమ్మానని అడగడు. నాకూ అదే జబ్బు పట్టుకుంది.

ఈరోజే అన్నయ్య కొట్లోకి కొత్త కైట్రాన్ వచ్చింది. తొమ్మిదింటికే షట్టర్ తీశాడు. చూడకూడదనుకుంటూనే చూస్తున్నాను. ఇప్పుడే ఇద్దరు కాలేజీ కుర్రాళ్లు లోపలికి వెళ్లి ఉత్త చేతులతో బయటికొచ్చారు. ఉండు, బేరం వచ్చింది.

వాళ్లే! చెరొక జింబో కొన్నారు. "ఎదురు కొట్లో ఇప్పుడే ఇవ్వనన్నారండి" అన్నారు. సరుకు చెడిపోయి వచ్చిందేమో అనుకుని లోలోపల గంతేశాను. వాళ్ల వెనకే ఒక చెరువు రైతు కూడా అక్కడికి వెళ్లి, ఇక్కడికి వచ్చి కొన్నాడు. తొలిపూటే మూడు బేరాలు. సంతోషించాలి కదా? తెచ్చుకున్న ఇడ్లీ పొట్లం కూడా విప్పబుద్ధి కాలేదు. కూర్చుంటే లేవాలనిపిస్తోంది, లేస్తే గుమ్మం దాకా వెళ్లి తిరిగొస్తున్నాను.

ఇక దాచలేను. ఆ జవాబు రాసేస్తాను.

మూడు వారాల కిందట చర్చిలో కోత పండగ జరిగింది. ఎప్పటిలాగే రైతులు తొలి పంట తెచ్చారు, కొట్లవాళ్లం కొత్త సరుకులో మొదటిది తెచ్చాం. నేను కొత్త జింబోలో మొదటి పీసు నీ లేసు సంచిలో పెట్టి కానుకగా ఇచ్చాను. అరటి గెలలు, గుమ్మడికాయలు, ఒక పుంజు వేలం అయ్యాక జింబో వంతు వచ్చింది. అన్నయ్య లేచి వేలం పాట పాడాడు.

నాన్న పద్ధతి నీకు చెప్పాలా? కొత్త సరుకు ఏది వచ్చినా మొదటిది ఇంటి మనిషి చేతే కొనిపించేవాడు. నాన్న పోయాక నా కొట్టుకి అన్నయ్య బోణీ, అన్నయ్య కొట్టుకి నా బోణీ. ఎంత పోటీ పడినా అది మాత్రం తప్పలేదు.

ఆ రోజు నేను ఏసురాజు బాబాయికి ముందే చెప్పి ఉంచాను. "ఎవరు పాడినా మీరు పైకి పాడండి బాబాయ్, డబ్బు నేనిస్తాను" అని. జింబో ఎంతకు పోయిందో ఊరంతా చెప్పుకోవాలని నా ఆశ. అన్నయ్య లేచాక ఒక్క సైగ చేస్తే బాబాయి ఆగేవాడు. చెయ్యలేదు. అన్నయ్య దాన్ని విప్పి, తన కొట్లో పెట్టి, లోపాలు చూపిస్తాడని ఒక పురుగు దొలిచింది. నీకు అబద్ధం రాయను. బోణీ కోసమే పాడుతున్నాడని కూడా నాకు తెలుసు. రెండూ తోచాయి, చెడ్డదాన్నే నమ్మాను. నాలుగుసార్లు పాడాడు. నాలుగోసారి ఆడవాళ్ల వైపు తిరిగి నన్ను చూశాడు. నేను పాటల పుస్తకంలో పేజీలు తిప్పాను. అన్నయ్య కూర్చున్నాడు, పాట బాబాయికి పోయింది. వెనక ఎవరో, "చెల్లెలి బోణీ అన్నకి దక్కలేదురా" అని నవ్వారు.

దేవుని ఎదుట దొంగ పాట పాడించానమ్మా. అప్పట్నుంచి నేను ఎదురైతే అన్నయ్యే తల దించుకుని పోతున్నాడు, తప్పు తనది అన్నట్టు. తిట్టినా బాగుండేది. బేరాలు నేను గెలుచుకోగలను గాని, అన్నయ్య మళ్లీ నా గుమ్మం ఎక్కకపోతే ఏం చెయ్యాలో తెలియడం లేదు.

సారిక వదిన రోడ్డు దాటి ఇటే వస్తోంది. ఆపుతున్నాను.

మధ్యాహ్నం రెండయింది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

వదిన గుమ్మంలోనే నిలబడి, "ఏంటి ఆశా, అలా చూస్తా కూర్చున్నావ్? రావేంటి?" అంది.

"ఎక్కడికి?"

"ఎక్కడికేంటమ్మా! ముగ్గుర్ని పంపేశారు మీ అన్నయ్య. ‘బోణీ అవ్వలేదండి, మా చెల్లెలు రావాలి’ అంటన్నారు. కైట్రాన్ కంపెనీ ఆయన నెత్తీ నోరూ కొట్టుకుంటన్నాడు. ఆ వెళ్లినోళ్లు తిన్నగా నీ కొట్టుకే వచ్చారు కదా, ఒక్కళ్లనైనా అడగలేదా?"

సిగ్గుతో చచ్చిపోయాను. చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు దాటాను.

అన్నయ్య బల్ల మీద కొత్త కైట్రాన్ ఉంది, నీ రెండో సంచిలో. డబ్బు తియ్యబోయి ఆగాను. ముందు చెప్పాల్సింది చెప్పేశాను. "అన్నయ్యా, ఏసురాజు బాబాయి చేత పాడించింది నేనే."

"తెలుసు. ఆయనకి ఫోనెత్తడమే సరిగ్గా రాదు, ఈ గేమెందుకే ఆయనకి?"

"తెలిసి కూడా నాకోసం బేరాలు పంపేశావా?"

"నీ బోణీ నీ ఇష్టం. నా బోణీ వేరేవాళ్ల చేత నేనెందుకు చేయించుకుంటాను?"

నేను ఏడ్చాను. అన్నయ్య నేనిచ్చిన డబ్బు కళ్లకద్దుకుని సొరుగులో పెట్టాడు. కంపెనీ మనిషి నన్ను ఎగాదిగా చూసి, "ఈవిడ జింబో డీలరు కదండీ!" అన్నాడు.

"అవునండి. మా చెల్లెలు" అన్నాడు అన్నయ్య.

ఇప్పుడు నా జింబోల మధ్య ఆ కైట్రాన్ కూర్చుని ఉంది. అడిగినవాళ్లకు అది అమ్మేది కాదని చెబుతున్నాను. ఎదురుగా బేరాలు మొదలయ్యాయి, ఇప్పటికే నన్ను దాటేసినట్టున్నాడు. కడుపులో కొంచెం మంటగానే ఉంది, అది ఒక్కరోజులో పోయే గుణం కాదు.

నీ ప్రశ్నకు జవాబు ఇదమ్మా. కొత్త జింబోకి అన్నయ్య బోణీ చెయ్యలేదు. నేను చెయ్యనివ్వలేదు. ఆదివారం సంఘం ముందు లేచి ఆ మాట నేనే చెబుతానని పాస్టరుగారికి కబురు పంపాను. నాకోసం ప్రార్థన చెయ్యి. అన్నయ్య మగవాళ్ల వైపు ఎప్పటి చోటే కూర్చుంటాడు. ఈసారి అన్నయ్యనే చూస్తూ చెబుతాను, పాటల పుస్తకం ఇంట్లోనే వదిలి వెళ్తాను.

ఇట్లు,
నీ చేత చివాట్లు తినడానికి సిద్ధంగా ఉన్న
నీ చిన్నకూతురు
ఆశాజ్యోతి