సమ్మన్న నల్ల వడ్లు

బుధవారం, హన్మకొండ

నాటు విత్తనాల మెయిల్ గ్రూపులో రోజుకు వంద ఉత్తరాలు వస్తున్నాయని వేసవిలో ఒక ఫిల్టర్ పెట్టుకున్నాను. "శుభోదయం" అన్న మాట ఉంటే చాలు, ఆ మెయిల్ నా కంట పడకుండా వేరే ఫోల్డర్‌లోకి పోతుంది. పూల బొమ్మల బాధ తప్పిందని సంతోషించాను కూడా.

ఈ రోజు ఆ ఫోల్డర్ ఖాళీ చేద్దామని తెరిస్తే, రెండు నెలల కిందటి సమ్మన్న మెయిల్ కనబడింది. ములుగు దగ్గరి ముసలి రైతు. మనుమరాలితో టైపు చేయిస్తాడు. మర్యాద మనిషి, శుభోదయం చెప్పకుండా ఏదీ మొదలుపెట్టడు. ఆ సంగతి నాకు తెలుసు.

తాతల నాటి నల్ల వడ్లు రెండు కుంచాలు మిగిలాయని, మోకాళ్ల నొప్పులతో ఈసారి తాను వేయలేనని, వానలు పడేలోపు సంచి తెచ్చుకొని పట్టుకుపొమ్మని రాశాడు. ఆ విత్తనం ఇంకెవరి దగ్గరా లేదు. వర్ధన్నపేటలో మా మడిలో వేస్తానని నిరుడు మాట ఇచ్చింది నేనే.

వెంటనే ఫోన్ చేశాను.

"ఇంకెక్కడి వడ్లు సారూ! మిరుగు కార్తె దాటేదాంక చూసిన. పురుగు పడుతదని మర పట్టిచ్చిన."

"మెయిల్ ఇయ్యాల్నే చూసిన సమ్మన్నా."

"పనిల ఉన్నవేమో అనుకున్న. ఫికర్ చెయ్యకు. ఇంక జరన్ని బియ్యమున్నయ్. బువ్వ మంచిగున్నది, తినిపోదువు రా."

ఏ మాటకు ఫిల్టర్ పెట్టానో ఆయనకు చెప్పలేదు. వస్తానన్నాను.

ఆదివారం సంచి లేకుండా పోయి, ఆ విత్తనం తిని రావాలి.